గ్యారేజీలో బాతుల కొలను: ఒక ప్రాజెక్టు డైరీ

అక్టోబర్ 5, 2024, శనివారం

ప్లైవుడ్ షీటు వచ్చింది. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం. పక్కింటాయన ఒక చెయ్యి వేస్తే ఇద్దరం కలిసి గ్యారేజీలోకి చేర్చాం. రెండు బల్లల మీద పరిచాక చుట్టూ తిరగడానికి ఒక మనిషికి సరిపడా జాగా మిగిలింది. అది చాలు.

దీని మీద కట్టబోయేది డకాయ్ నమూనా. డకాయ్ అంటే అడవి బాతుల్ని పట్టడానికి ఇంగ్లండ్‌లో ఎస్టేటు యజమానులు తవ్వించుకున్న కొలను. మేముండే ఐల్స్‌బరీ నుంచి కారులో వెళ్తే బోర్‌స్టల్ అనే చిన్న ఊరు వస్తుంది. 17వ శతాబ్దం చివర్లో అక్కడి ఎస్టేటులో తవ్వించిన డకాయ్ ఇంకా ఉంది. 1980 నుంచి అది పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. 2016లో మొదటిసారి చూశాను. చుట్టూ చెట్లు, మధ్యలో అద్దంలా నీళ్ళు. కొలను మూలల నుంచి వంకర కాలువలు పాయలుగా చెట్లలోకి వెళ్తున్నాయి. కాలువ మీద వంపు కమ్మీలు, వాటి మీద వల. పక్కనే వరసగా రెల్లు దడులు. ఆ వంకర కాలువనే ఇక్కడివాళ్ళు పైపు అంటారు.

ఆరోజు గంటన్నర సేపు అక్కడే ఉన్నాను. దడులు ఎందుకు అలా ఏటవాలుగా ఉన్నాయో, కాలువ ఎందుకు వంకరగా ఉందో ఎంత చూసినా పూర్తిగా అర్థం కాలేదు. ఇంటికొచ్చాక చదివాను, బొమ్మలు గీసుకున్నాను, మళ్ళీ చదివాను. చేత్తో కట్టి చూస్తే తప్ప ఇది నాకు బోధపడదని తేలింది. ఎనిమిదేళ్ళ తర్వాత ఇప్పటికి కుదిరింది.

కొలనంతా కట్టను. ఒక్క పైపు, దాని నోటి దగ్గర కొంచెం కొలను. అసలు పనంతా ఆ పైపులోనే ఉంది.

అక్టోబర్ 13, ఆదివారం

కొలతలు తేల్చాను. 1886లో సర్ రాల్ఫ్ పేన్-గాల్వే ఇంగ్లండ్ డకాయ్‌ల మీద ఒక పెద్ద పుస్తకం వేశాడు. ఊరూరా తిరిగి, ఉన్నవీ పోయినవీ లెక్క రాసి, కట్టే పద్ధతి కూడా చెప్పిన మనిషి ఆయన. అప్పటి పద్ధతిలో ఒక పైపు పొడవు 60, 70 గజాలు. నోటి దగ్గర 18 నుంచి 20 అడుగుల వెడల్పు. చివరికి వచ్చేసరికి 2 అడుగులే. నేను 60 గజాలు తీసుకుని 1:25 స్కేలు పెట్టుకున్నాను. అంటే నా పైపు సుమారు 2.2 మీటర్లు, నోరు 24 సెంటీమీటర్లు, తోక రెండున్నర సెంటీమీటర్లు. వంపు తిరుగుతుంది కాబట్టి షీటులో సరిపోతుంది.

వంపు గీయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. సన్నటి ప్లాస్టిక్ పట్టీని మేకుల మధ్య వంచి, దాని వెంట పెన్సిల్ నడిపాను. నోటి దగ్గర నిలబడి చూసే బాతుకు తోక కనబడకూడదు. కాలువ ముందుకెళ్ళి ఎక్కడో చెట్లలో కలిసిపోతున్నట్టు అనిపించాలి. అది వలలో ముగుస్తుందని దానికి తెలియకూడదు. మూడుసార్లు చెరిపి గీశాక వంపు కుదిరింది. జిగ్‌సా మెషిన్‌తో కోసి, అంచులు శాండ్‌పేపర్ పట్టాను.

ఈ విద్య ఇంగ్లండ్‌ది కాదు, హాలండ్‌ది. డచ్చి భాషలో 'కోయ్' అంటే పంజరం. బాతుల పంజరాన్ని వాళ్ళు 'ఏండెన్‌కోయ్' అంటారు. 'డె కోయ్' అన్న మాటే ఇంగ్లీషువాళ్ళ నోట డకాయ్ అయిందని చెబుతారు. ఆ తర్వాత ఎర అనే అర్థంలో అది లోకమంతా పాకింది. 1665లో రెండో చార్లెస్ రాజు లండన్‌లోని సెయింట్ జేమ్స్ పార్కులో ఒక డకాయ్ కట్టించుకున్నాడు. దానికి హాలండ్ నుంచి సిడ్రాక్ హిల్కస్ అనే పనివాణ్ణి రప్పించాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలో జాన్ ఎవెలిన్ అనే రచయిత ఆ పార్కు చూసొచ్చి తన డైరీలో రాసుకున్నాడు. అంత పెద్ద నగరం పక్కన డకాయ్ చుట్టూ అన్ని అడవి పక్షులు పిల్లల్ని పెట్టడం వింతగా ఉందన్నాడు. అదే రోజు ఆయన అక్కడ రష్యా రాయబారి కానుకగా తెచ్చిన గూడబాతునూ (పెలికాన్), కాలు విరిగితే కొయ్యకాలు పెట్టిన కొంగనూ చూశాడు. మాది కైకలూరు దగ్గర పల్లె. ఆటపాకలో చెట్ల నిండా గూడబాతుల్ని చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ గూడబాతు గురించి చదివినప్పుడు ఆయన పక్కనే నిలబడి చూసినట్టే ఉంది నాకు.

నవంబర్ 2, శనివారం

అమ్మ ఊరినుంచి వచ్చి మూడు వారాలైంది. దీపావళి సందడి అయ్యాక ఈరోజు మళ్ళీ గ్యారేజీలోకి దిగాను.

కమ్మీలు వంచాను. పాతకాలంలో చెట్టు కొమ్మలు వంచి పాతేవాళ్ళు, తర్వాత ఇనుము వచ్చింది. నాది రెండు మిల్లీమీటర్ల జీఐ వైరు. అసలు లెక్కలో 5 అడుగులకు ఒకటి చొప్పున అనుకుంటే 36 కమ్మీలు కావాలి. ఏ రెండూ ఒక కొలత కావు. నోటి దగ్గరిది గోపురంలా ఎత్తుగా ఉండాలి, తోక దగ్గరిది అరచేయి కింద దూరిపోవాలి. ఒక్కో దానికీ కాగితం మీద గీత గీసుకుని, కటింగ్ ప్లయర్‌తో వంచి, గీత మీద పెట్టి సరిచూశాను. పద్నాలుగో కమ్మీ దగ్గర వేళ్ళు నొప్పెట్టాయి. అయినా ఆపబుద్ధి కాలేదు.

పోయినవారం బిగించిన ఎనిమిది కమ్మీలు మాత్రం ఊడొచ్చాయి. గ్యారేజీలో హీటరు లేదు, రాత్రిళ్ళు నాలుగైదు డిగ్రీలకు పడిపోతోంది. తెల్ల జిగురు ఆ చలికి ఆరకుండా సుద్దలా అయిపోయింది. గోరుతో గీకితే పొడి రాలింది. అన్నీ శుభ్రం చేసి, రంధ్రాలు ఇంకాస్త లోతుగా డ్రిల్లు చేసి, ఎపాక్సీతో బిగించాను. ఈసారి బేస్ బోర్డు కింద రాత్రంతా చిన్న హీటరు పెట్టాను.

సాయంత్రం అమ్మ టీ పట్టుకుని వచ్చింది. బల్ల దగ్గర నిలబడి, నోటి నుంచి తోక దాకా వేలు పెట్టి నెమ్మదిగా నడిపింది.

"ఏరా, ఇది మావులా ఉందే?"

కొల్లేట్లో చేపలకు పెట్టే వెదురు మావు. లోపలికి పోవడం తేలిక, బయటికి రావడం ఉండదు. ఆ పోలిక ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు. అమ్మ ఒక్క చూపులో పట్టేసింది.

"మావే అమ్మా. కాకపోతే చేపలకు కాదు, బాతులకు."

"బాతు చేప కాదు కదా. ఎగిరిపోదూ?"

ఎగిరిపోకుండా ఏం చేశారన్నదే ఈ ప్రాజెక్టంతా.

నవంబర్ 10, ఆదివారం

దడులు అల్లాను. అసలు దడి సుమారు 12 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు. మనిషి వెనక నిలబడితే కనబడకూడదు. నా స్కేల్లో 14.6 సెంటీమీటర్ల పొడవు, 7.3 ఎత్తు. రెల్లు బదులు ఏం వాడాలా అని చాలా ఆలోచించాను. చివరికి ఇండియన్ షాపులో దొరికే కొండ చీపురు పనికొచ్చింది. దాని పుల్లలు పలచగా ఉంటాయి. ఎండిన రెల్లు రంగే. అమ్మ, మా అమ్మాయి కింద కూర్చుని పుల్లలు ఏరి, ఒక కొలతకు కత్తిరించి ఇచ్చారు. నేను మధ్యలో రెండు వరసల దారంతో తడికలా అల్లాను. పన్నెండు దడులకు రెండు చీపుళ్ళు అయ్యాయి.

దడికీ దడికీ మధ్య 2 అడుగుల ఎత్తున పొట్టి దడి ఒకటి ఉంటుంది. కుక్క దాని మీంచి దూకుతుంది. నాకు అది రెండున్నర సెంటీమీటర్లు. అవి పదకొండు.

అన్నీ వంపు బయటి వైపు వరసగా నిలబెట్టాను. చూడ్డానికి ఎంత బాగుందంటే, ఫొటోలు తీసి తమ్ముడికి పంపాను.

నవంబర్ 23, శనివారం

దడులన్నీ తప్పుగా పెట్టాను.

అనుమానం రావడానికి కారణం మా అమ్మాయి. ఫోను కెమెరా ఆన్ చేసి, కొలను నీళ్ళుండాల్సిన చోట బోర్డు మీద ఆనించి పెట్టింది. బాతు కన్ను ఎత్తులో. "నాన్నా, బాతుకి మనిషి కనిపిస్తున్నాడు" అంది. వంగి చూశాను. మూడో దడి వెనక నిలబెట్టిన కొయ్య మనిషి తల నుంచి కాలి దాకా స్క్రీన్ మీద కనిపిస్తున్నాడు. కొలనులో ఉన్న ప్రతి బాతూ వాణ్ణి చూస్తుంది. అలాంటి డకాయ్‌లో ఒక్క బాతు కూడా పడదు.

దీని గురించి వివరంగా రాయాలి, ఎందుకంటే ఈ విద్య గుట్టంతా ఇక్కడే ఉంది.

దడులు కాలువకు సమాంతరంగా ఉండవు. తలుపు రెక్కలు ఓరగా తీసినట్టు ఒకదాని వెనక ఒకటి ఏటవాలుగా ఉంటాయి. నేను ప్రతి దడికీ కొలను వైపు కొసను నీటి అంచుకు దగ్గరగా, తోక వైపు కొసను దూరంగా పెట్టాను. ఉండాల్సింది దానికి సరిగ్గా తిరగేసి. కొలను వైపు కొస నీటికి దూరంగా, తోక వైపు కొస నీటికి దగ్గరగా ఉండాలి. అప్పుడు కొలను నుంచి చూసే బాతుకు దడి మీద దడి కప్పుకుని గోడలా కనిపిస్తుంది. కానీ మనిషిని దాటి పైపులోకి పోయిన బాతు వెనక్కి తిరిగి చూస్తే, సందులోంచి మనిషి పూర్తిగా కనిపిస్తాడు.

అదీ సంగతి. బాతులు లోపలికి వచ్చాక డకాయ్ పనివాడు వాటి వెనక సందులో నిలబడి తనను తాను చూపించుకుంటాడు. అరవడు, చప్పట్లు కొట్టడు. ఊరికే కనబడతాడు. లోపలున్న ఇరవై బాతులు అదిరిపడి, అతనికి దూరంగా, ఇంకా లోపలికి, తోక వైపు ఎగురుతాయి. పైన వల. చివర సంచి వల. ఇదంతా జరుగుతుంటే కొలనులో మిగిలిన వందల బాతులకు ఏమీ తెలియదు. అవి అలాగే రెక్కల్లో తల దూర్చుకుని కునుకు తీస్తుంటాయి. మర్నాడు వాటి వంతు.

పన్నెండు దడులూ పీకి తిప్పి పెట్టాను. రాత్రి పదకొండయింది. ఫోను బాతు కన్ను దగ్గర పెట్టి చూస్తే చీపురు పుల్లల గోడ తప్ప ఏమీ లేదు. ఫోను తీసి పైపు లోపల ఏడో కమ్మీ కింద వెనక్కి తిప్పి పెట్టాను. దడుల సందులో కొయ్య మనిషి నా వంకే చూస్తున్నాడు. ఒళ్ళు జలదరించింది.

డకాయ్‌కు కావలసింది నిశ్శబ్దం అన్న మాట కూడా ఇప్పుడే నిజంగా అర్థమైంది. చుట్టుపక్కల తుపాకి పేలితే కొలను ఖాళీ. దీని మీద ఇంగ్లండ్‌లో ఒక కేసు నడిచింది, 1707లో తీర్పు వచ్చింది. కీబుల్ అనే ఆయన డకాయ్ దగ్గరికి పొరుగాయన హికరింగిల్ వచ్చి, బాతులు బెదిరిపోవాలనే తుపాకులు పేల్చాడు. చీఫ్ జస్టిస్ హోల్ట్ ఒక బడి పంతులు ఉదాహరణ చెప్పాడు. పక్కనే ఇంకో బడి పెట్టి పిల్లల్ని లాక్కుంటే అది తప్పు కాదు. దారిలో కాపు కాసి, బడికి వెళ్ళే పిల్లల్ని తుపాకితో బెదరగొడితే తప్పే. కీబుల్‌కు 20 పౌన్ల పరిహారం వచ్చింది. మూడు వందల ఏళ్ళ తర్వాత కూడా లా కాలేజీల్లో ఈ కేసు చెబుతున్నారు.

డిసెంబర్ 8, ఆదివారం

బయట పెద్ద గాలివాన. గ్యారేజీ తలుపు కొట్టుకుంటోంది. ఇంట్లోనే డైనింగ్ టేబుల్ మీద బాతులు చేశాం.

గాలికి ఆరే బంకమట్టి. మల్లార్డ్ అంటే ఇక్కడి పెద్ద అడవి బాతు. నా స్కేల్లో రెండు సెంటీమీటర్లు దాటుతుంది. టీల్ అనే చిట్టి బాతు ఒకటిన్నర సెంటీమీటరు కూడా రాదు. మా అమ్మాయి టూత్‌పిక్‌తో ముక్కు లాగుతుంది, నేను రంగు వేస్తాను. మగ టీల్ తల గోధుమరంగు, కంటి మీద ఆకుపచ్చ పట్టీ. ఆ పచ్చ పట్టీకి సున్నా నంబరు బ్రష్ కూడా లావైంది. చివరికి సూది మొనతో పెట్టాను.

టీల్ మన దగ్గరికీ వస్తుంది. సూదితోక బాతు, చెంచామూతి బాతు కూడా చలికాలం కొల్లేట్లో దిగుతాయి. అవి వేరే దారిన వచ్చే పక్షులు, ఇక్కడ దిగేవి వేరు. జాతి మాత్రం ఒకటే. అమ్మ బొమ్మను అరచేతిలో పెట్టుకుని "ఇవి రాత్రిపూట వరిచేల మీద పడేవి" అంది. సరిగ్గా చెప్పింది. డకాయ్ పగలే ఎందుకు పనిచేస్తుందో దానికీ అదే కారణం. ఈ బాతులు రాత్రి మేతకు పోయి, పగలు ఎవరూ కదపని నీళ్ళు వెతుక్కుని నిద్రపోతాయి. అలాంటి నీళ్ళు ఇచ్చేదే డకాయ్.

ముందుగా అక్కడ కొన్ని పెంపుడు బాతులుంటాయి. పనివాడి మెల్లటి ఈలకు గింజల కోసం పైపులోకి ఈదుకొస్తాయి. వాటిని చూసి అడవి బాతులు వెనకే వస్తాయి. దీన్ని అమ్మకు చెప్తుంటే "దీమం అన్నమాట" అంది. ఆ మాట విని ఎన్నాళ్ళయిందో! కౌజు పిట్టలు పట్టేవాళ్ళు చిన్న పంజరంలో ఒక పెంపుడు కౌజును తెచ్చి గట్టు మీద పెట్టేవాళ్ళట. దాని కూత విని మిగతావి వచ్చి ఉచ్చులో పడేవట. ఆ పెంపుడు పిట్టే దీమం. డకాయ్‌కు తెలుగు మాట ఏం పెట్టాలా అని రెండు నెలలుగా వెతుకుతున్నాను. మా వంటింట్లోనే ఉంది. దీమపు కొలను. బోర్డు మీద ఇదే రాస్తాను.

ఎన్ని పట్టేవాళ్ళు? లింకన్‌షైర్‌లో వెయిన్‌ఫ్లీట్ చుట్టుపక్కల పది డకాయ్‌ల నుంచి ఒక్క సీజన్‌లో 31,200 బాతులు లండన్ మార్కెట్‌కు పోయాయని 18వ శతాబ్దంలో పెనంట్ అనే ప్రకృతి శాస్త్రవేత్త రాశాడు. అదే జిల్లాలో ఆష్‌బీ డకాయ్‌లో 1833 నుంచి 1868 దాకా పద్దు రాశారు. 95 వేలకు పైనే. అందులో మల్లార్డ్‌లు, టీల్‌లు దాదాపు సగం సగం. మెడ విరిచి, గంపల్లో సర్ది పంపేవాళ్ళు. తుపాకి గుండు తగలని మాంసం కాబట్టి ధర బాగా పలికేది. ఎస్టేటు యజమానికి అది వేడుక ఒక్కటే కాదు, ఆదాయం కూడా.

మేం ఈరోజు చేసినవి ముప్పై ఒకటి. వాటిలో తొమ్మిది టీల్‌లు.

డిసెంబర్ 28, శనివారం

ఈ నమూనా మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఈరోజు చేశాను. కుక్క.

వేటకుక్క కాదిది. మొరగదు, తరమదు, నీళ్ళలో దూకదు. దాని పనల్లా కనబడి మాయమవడమే. పొట్టి దడి మీంచి దూకి నీటి అంచున కనిపిస్తుంది, నాలుగడుగులు నడుస్తుంది, తర్వాతి పొట్టి దడి మీంచి వెనక్కి దూకి మాయమవుతుంది. కాసేపటికి ఇంకొంచెం లోపల మళ్ళీ కనిపిస్తుంది. కొలనులోని బాతులు దాన్ని చూసి పారిపోవు. మెడలు చాచి, గుంపుగా దాని వెంట పడతాయి. గుడ్లగూబ పగలు బయటికొస్తే కాకులు చుట్టుముట్టినట్టే. శత్రువు వెనక్కి తగ్గుతోందని తెలిస్తే పక్షులకు ధైర్యం వస్తుంది, దాన్ని సాగనంపే దాకా వదలవు. అది నక్కలా ఉంటే మరీ మంచిది. అందుకే ఎర్రటి బొచ్చు, గుబురు తోక ఉన్న కుక్కను ఎంచుకునేవాళ్ళు. హాలండ్‌లో ఈ పనికోసమే పెంచిన జాతి ఒకటి ఉంది, కోయికర్‌హోండియే అంటారు. ఎరుపు, తెలుపు కలిసిన చిన్న కుక్క. ఇంగ్లండ్‌లో డకాయ్ కుక్కకు ఎక్కువగా పైపర్ అని పేరు పెట్టేవాళ్ళు.

లైమ్ చెక్క ముక్క, చిన్న చెక్కుడు కత్తి. ఒంటి పొడవు రెండు సెంటీమీటర్లు. మొదటి రెండు ప్రయత్నాల్లో తోక విరిగింది. పీచు అడ్డంగా ఉన్నచోట తోక చెక్కాను, అదే కారణం. మూడోసారి చెక్కను తిప్పి, పీచు తోక వెంట పోయేలా పట్టుకున్నాను. ముందు కాళ్ళు పొట్టి దడి దాటి, వెనక కాళ్ళు ఇంకా గాల్లో. రంగు కోసం ఇటుక పొడి ఛాయకు కొంచెం పసుపు కలిపాను, తోక కొసకు తెలుపు.

ఆరాక నాలుగో దడి దగ్గర అతికించాను. ఫోను మళ్ళీ బాతు కన్ను దగ్గర. గోడలాంటి దడులు, మధ్యలో ఎర్రటి చిన్న మచ్చ దూకుతోంది. నేనే బాతునైతే వెనకే వెళ్ళేవాణ్ణి.

జనవరి 12, 2025, ఆదివారం

రేపు భోగి. అమ్మ లోపల పిండివంటల్లో ఉంది. గ్యారేజీ కిటికీ లోపలివైపు మంచు పేరుకుంది. ఇలాంటి రాత్రుళ్ళలో డకాయ్ పనివాడు లేచి వెళ్ళి కొలను మీద మంచు పగలగొట్టేవాడు. చుట్టూ నీళ్ళన్నీ గడ్డకడితే బాతులు తెరిపి ఉన్న నీళ్ళ కోసమే వస్తాయి కదా.

ఈరోజు గాలి పరీక్ష. డకాయ్‌కు పైపులు ఒకటి కాదు, నాలుగైదు ఉంటాయి, ఒక్కోటి ఒక్కో దిక్కుకు. పీటర్‌బరో దగ్గరి బరో ఫెన్ డకాయ్‌కు ఎనిమిది ఉన్నాయి. కారణం గాలి. బాతు గాలికి ఎదురుగా లేస్తుంది. గాలి తోక నుంచి నోటి వైపు వీస్తున్న పైపులోనే పని చేయాలి. అప్పుడు బెదిరిన బాతు గాలికి ఎదురెక్కి తోక వైపు ఎగురుతుంది. అదే గాలి ఇంకో చిక్కు తెస్తుంది. మనిషి వాసన కూడా కొలను వైపే పోతుంది. అందుకని పనివాడు మండుతున్న పీట్ గడ్డను, అంటే చిత్తడి నేలలో తవ్వి ఎండబెట్టిన మట్టిగడ్డను, తన నోటి దగ్గర పట్టుకుని నడిచేవాడు, పొగలో తన ఊపిరి వాసన కలిసిపోవాలని.

చిన్న టేబుల్ ఫ్యాను తోక వైపు పెట్టి, మూడో దడి వెనక కొయ్య మనిషి పక్కన అగరబత్తి గుచ్చాను. లైటు ఆర్పి టార్చి వేశాను. పొగ దడి వెనక కాసేపు సుడి తిరిగి, సందులోంచి కాలువ మీదికి జారి, వల కింద నేలబారున నోటి దాకా పాకి కొలను మీద విచ్చుకుంది. బొమ్మ కొలతలో గాలి అసలు గాలిలా నడవదు, ఆ మాట తెలిసే చేశాను. అయినా కొలనులోని ముప్పై ఒక్క బాతుల మీదుగా ఆ పొగ వెళ్ళడం చూశాక, పీట్ గడ్డ ఎందుకో నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

నీళ్ళు పోశాను, అంటే ఆరితే గాజులా గట్టిపడే రెసిన్. రెండు పొరలు. అడుగున ముదురు ఆకుపచ్చ, పైన తేట. నోటి దగ్గర ఒకచోట బోర్డు అంచునుంచి కారింది, టేపు వేసి ఆపాను. ఇంక చెప్పుకోడానికేం లేదు. ఆరడానికి మూడు రోజులు ముట్టుకోకూడదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

చివరి ముక్క, సంచి వల. అసలు డకాయ్‌లో ఇది విడిగా ఊడి వచ్చేలా ఉంటుంది. బాతులు అందులో పడగానే పనివాడు ఊడదీసి పట్టుకుపోతాడు. దోమతెర ముక్కను గొట్టంలా కుట్టి, మూడు చిన్న రింగులు లోపల వేసి, తోక కమ్మీకి కొక్కెంతో తగిలించాను. తీసి పెట్టొచ్చు.

ఈ వల కుడుతున్నంతసేపూ డకాయ్‌లు ఎలా పోయాయన్నదే బుర్రలో తిరిగింది. తూర్పు ఇంగ్లండ్‌లో మైళ్ళ కొద్దీ ఉన్న చిత్తడి నేలల్ని, వాళ్ళు ఫెన్స్ అంటారు, నీళ్ళు తోడేసి పొలాలు చేశారు. బాతులకు మేత పోయింది. రైళ్ళు వచ్చాయి, మంచి తుపాకులు వచ్చాయి, నిశ్శబ్దం పోయింది. ఒకప్పుడు రెండొందల దాకా ఉన్న డకాయ్‌లలో పేన్-గాల్వే లెక్క రాసేనాటికి నడుస్తున్నవి నలభై చిల్లరే. 1954లో పక్షుల రక్షణ చట్టం వచ్చింది. అప్పటికే వాడుకలో ఉన్న డకాయ్‌లలో తప్ప ఇంకెక్కడా ఇలా వల వేయడానికి వీల్లేదంది.

మిగిలినవాటిని కాపాడింది వేరే పని. స్లిమ్‌బ్రిడ్జ్‌లో 1843లో కట్టిన బర్క్‌లీ న్యూ డకాయ్ ఉంది. పక్షి శాస్త్రవేత్త పీటర్ స్కాట్ 1946లో అక్కడ అడవి బాతుల ట్రస్టు పెట్టాక అదే పైపు, అవే దడులు, అదే కుక్క ఉపాయంతో బాతుల్ని పట్టి, కాలికి నంబరున్న రింగు తొడిగి వదిలేశారు. బరో ఫెన్‌లో కూడా అంతే. ఏ బాతు ఎక్కడికి పోతోంది, ఎన్నేళ్ళు బతుకుతోంది అన్నది ఆ రింగుల వల్ల తెలిసింది. ఒకప్పటి రింగుల మీద బ్రిటిష్ మ్యూజియం, లండన్ అని అడ్రసు ఉండేది.

కొల్లేటి చిత్తడిలో చేపల చెరువుల గట్లు లేవడం చిన్నప్పుడు కళ్ళారా చూసినవాణ్ణి. 1999లో దాన్ని అభయారణ్యం చేశారు, 2002లో ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్ జాబితాలోకి వచ్చింది. ఫెన్స్ గురించి చదివిన ప్రతిసారీ నాకు కనబడేది ఆ గట్లే. అందుకే నమూనాలో కొలను చుట్టూ ఖాళీ వదిలిన చోట పొలాలు కాకుండా జమ్ము పెట్టాను. చీపురు మిగిలింది కూడా.

మధ్యాహ్నం మా అమ్మాయి రాగి వైరు పోగు ఒకటి తీసి, భూతద్దం కింద పెట్టి, ఒక టీల్ కాలికి చుట్టింది. చూడాలంటే కళ్ళు చికిలించాలి. దాన్ని సంచి వల పక్కన, వల బయట గట్టు మీద అతికించాం.

బోర్డు మీద పేరు అమ్మ చేత రాయించాను. ముందు వద్దంది, చెయ్యి వణుకుతుందంది. "నాయనమ్మా, నువ్వే రాయాలి" అని మనవరాలు బ్రష్ చేతిలో పెట్టాక రాసింది. దీమపు కొలను. 'దీ' గుడి కొంచెం పెద్దదైంది. అలాగే ఉంచాను.

వచ్చే శనివారం లైబ్రరీవాళ్ళు పిల్లల విభాగంలో ఒక బల్ల ఇస్తామన్నారు. వ్యాను మాట్లాడుకోవాలి. ఫోను పెట్టడానికి బాతు కన్ను ఎత్తులో చిన్న స్టాండు ఒకటి ఇంకా చేయాలి, వచ్చిన పిల్లలు వంగి చూడ్డానికి.